తలుపు మూసిందెవరు?

నేను చాలామందికి ఒక అబద్ధం అమ్మాను. ముందు ఆ సంగతి ఒప్పుకుని, ఆ తర్వాత తగాదాకి దిగుతాను.

2007 నుంచీ ఓ ఆరేళ్ల పాటు నా లాప్‌టాప్‌లో ఒక స్లయిడు ఉండేది. హార్ట్‌ఫర్డ్‌లో ఇన్సూరెన్సు కంపెనీలకి కన్సల్టింగు చేస్తున్న రోజులవి. ముప్ఫయ్యేళ్ల నాటి కోబాల్ ప్రోగ్రాముల్ని పట్టుకు వేలాడే పెద్దమనుషుల చేత కొత్త సిస్టమ్ కొనిపించడం నా ఉద్యోగం. స్లయిడులో ఎడమవైపు చైనా నౌకాధిపతి ఝెంగ్ హె ఓడ, ఏనుగంత. కుడివైపు కొలంబస్ ఓడ, ఎలకంత. కింద ఒక ముక్క: పెద్ద ఓడ ఉన్నవాడు తలుపులు మూసుకున్నాడు, చిన్న ఓడ ఉన్నవాడు ప్రపంచాన్ని గెలిచాడు. అక్కడ నేను రెండు క్షణాలు ఆగేవాణ్ణి. బల్ల చుట్టూ ఉన్న తలకాయలు మెల్లగా ఊగేవి. తర్వాతి స్లయిడులో మా రేట్లు.

ఆ కథ నేను కనిపెట్టింది కాదు. మేనేజ్‌మెంటు పుస్తకాల్లో ఉంది, విమానాశ్రయాల్లో అమ్మే పుస్తకాల్లో ఉంది. మన తెలుగు సభల్లో కూడా విన్నాను. ఒకసారి వేదిక మీద ఒక పెద్దాయన, "చైనా వాళ్లు ఐదొందల ఏళ్లు తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. మన సంస్కృతి అలాంటిది కాదు, అందరినీ రమ్మంది" అని సెలవిచ్చారు. చప్పట్లు. నేనూ కొట్టాను. నా స్లయిడే కదా, తెలుగులో వింటున్నాను!

ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవడానికే ఈ వ్యాసం.

నన్ను మొదట ఆపింది మా టీములో టెస్టింగు చూసే ఒకావిడ. ఆమెది ఫుజియెన్ రాష్ట్రంలో ఝాంగ్‌జౌ. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఏ కోపమూ లేకుండా, బగ్గు రిపోర్టు చదివినంత మామూలుగా అడిగింది: "సముద్రం తలుపు మూసేశామని రాశావు. మరి మా తాతల తాతలు మనీలా ఎట్లా వెళ్లారంటావ్?" నా దగ్గర జవాబు లేదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి చరిత్ర తెలియకపోవడం నేరం కాదు. తెలియని చరిత్రని డాలర్లకి అమ్మడం మాత్రం నేరమే. ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను, ఇంకా ఆపలేదు.

ముందు ఓడల సంగతి చూద్దాం, ఎందుకంటే కథంతా వాటి మీదే తేలుతోంది. మింగ్ వంశం 1368 నుంచి 1644 దాకా ఏలింది. ఝెంగ్ హె 1405 నుంచి 1433 మధ్య ఏడుసార్లు పడమటికి వెళ్లొచ్చాడు. మొదటిసారే సుమారు 27 వేల మందితో. ఎక్కడికి? మలక్కా, కాలికట్, హొర్ముజ్, చివరి ప్రయాణాల్లో తూర్పు ఆఫ్రికా తీరం. ఇవేవీ ఎవరూ చూడని చోట్లు కావు. అరబ్బులూ, గుజరాతీలూ, తమిళులూ, చైనా వాళ్లూ ఎన్నో తరాలుగా తిరుగుతున్న దారులు. ఆయన కొత్త లోకం వెతకడానికి బయల్దేరలేదు, చక్రవర్తి దర్జా చూపించడానికి బయల్దేరాడు. 1407లో పాలెంబాంగ్ దగ్గర ఒక సముద్రపు దొంగని పట్టుకున్నాడు. సింహళంలో రాజునే బందీగా పట్టుకుని 1411లో చైనాకి చేర్చాడు. అదే సింహళంలో గాల్ దగ్గర 1409 నాటి శాసనం ఒకటి దొరికింది. చైనా భాషలో బుద్ధుడికీ, తమిళంలో విష్ణువుకీ, పారశీకంలో అల్లాకీ ఇచ్చిన కానుకల జాబితా దాని మీద ఉంది. ముగ్గురు దేవుళ్లకీ మూడు భాషల్లో రశీదు రాసిచ్చిన ఆ రాతిపలక నాకు భలే ఇష్టం. ఇప్పుడది కొలంబో మ్యూజియంలో ఉంది.

ఇక తలుపు. ప్రజలు సొంతంగా సముద్రవ్యాపారం చెయ్యకూడదని మింగ్ వంశ స్థాపకుడు హుంగ్‌వూ నిషేధం పెట్టింది 1371లో. తేదీ మళ్లీ చూడండి. ఝెంగ్ హె మొదటి ఓడ కదలడానికి 34 ఏళ్ల ముందు! అంటే ఆ ఏడు ప్రయాణాలూ తలుపు మూసి ఉండగానే జరిగాయి. ఊరివాళ్ల బళ్లు ఆపి రాజుగారి బండి మాత్రం పోనిచ్చారన్నమాట. నా స్లయిడులో "తెరిచి ఉన్న చైనా" అని చూపించిన కాలం నిజానికి మూసిన కాలం.

ప్రయాణాలు ఆగిపోయిన మాట నిజమే. కారణాలు చాలా మామూలువి. ఖర్చు విపరీతం, వచ్చే లాభం జిరాఫీలూ దండాలూ. 1414లో బెంగాల్ నుంచి వచ్చిన జిరాఫీని చూసి కొలువంతా మురిసిపోయింది గానీ జిరాఫీ ఖజానా నింపదు. 1421లో రాజధాని పెకింగ్‌కి మారింది, మంగోలుల సరిహద్దు పక్కకి. 1449లో ఆ మంగోలులు ఏకంగా చక్రవర్తినే యుద్ధంలో పట్టుకుపోయారు. ఇంటి వెనక గోడ కూలుతుంటే ముందు వాకిట్లో ముగ్గులు వెయ్యడం మానేశారు, అంతే. నౌకాదళం మొత్తాన్ని తగలబెట్టమన్న రాజాజ్ఞ లేదు. ప్రయాణాల కాగితాల్ని ఒక అధికారి మాయం చేశాడన్న కథ ఒకటుంది. కాగితాలు పోయిన కథ నోళ్లు మారి మారి ఓడలు కాలిన కథ అయింది. (2002లో ఒక రిటైరయిన బ్రిటిష్ నావికుడు, చైనా వాళ్లు 1421లోనే అమెరికా కనిపెట్టారని లావుపాటి పుస్తకం రాసి లక్షల్లో అమ్మాడు. ఆధారం ఒక్కటీ లేదు. ఆయన ముందు నేను చిల్లర వ్యాపారిని.)

ఇక మా ఝాంగ్‌జౌ ఆవిడ ప్రశ్న. నిషేధం ఉన్నన్నాళ్లూ ఫుజియెన్ తీరంలో వ్యాపారం ఆగలేదు, దొంగ వ్యాపారం అయింది. 1550ల్లో తీరమంతా దోపిడీలు. "జపాన్ దొంగలు" అని పేరు పెట్టారు గానీ వాళ్లలో చాలామంది చైనా వాళ్లే, కడుపు కొడితే కత్తి పట్టినవాళ్లు. చివరికి కొలువుకే బుద్ధొచ్చి 1567లో ఝాంగ్‌జౌ దగ్గరి యుయేగాంగ్ రేవుని తెరిచింది. నాలుగేళ్లకి, 1571లో, స్పెయిన్ వాళ్లు మనీలాలో పాతుకున్నారు. ఇక చూడండి! దక్షిణ అమెరికాలో పొటోసీ గనుల వెండి పసిఫిక్ దాటి మనీలాకి, మనీలా నుంచి ఫుజియెన్ ఓడల్లో చైనాకి. పట్టూ పింగాణీ అటు, వెండి ఇటు. కొన్నాళ్లకి మింగ్ ప్రభుత్వం పన్నులే వెండిలో వసూలు చేసింది. పల్లెటూరి రైతు శిస్తు కట్టే లోహం సముద్రాల అవతలి గనిలోంచి వస్తోంది. దీన్ని "మూసుకున్న దేశం" అంటే మరి తెరుచుకున్న దేశం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆ ఓడల్లోనే చిలగడదుంప వచ్చింది, మొక్కజొన్న వచ్చింది, వేరుశనగ వచ్చింది, మిరపకాయ వచ్చింది. మిరపకాయ! గుంటూరు కారమూ సిచువాన్ కారమూ ఒకే ఖండం నుంచి, ఇంచుమించు ఒకే శతాబ్దంలో వచ్చిన అక్కాచెల్లెళ్లు. మా ఇంటి దగ్గర సిచువాన్ హోటల్లో ముక్కు తుడుచుకుంటూ తినే మన తెలుగువాళ్లు ఎవరైనా ఈసారి "చైనా తలుపులు మూసుకుంది" అంటే ప్లేటులోకి చూసి మాట్లాడమని మనవి.

1644లో మంచూలు వచ్చి చింగ్ వంశం నిలబెట్టారు. వాళ్లు 1912 దాకా ఉన్నారు. వాళ్ల విషయం ఇంకా తమాషా. చక్రవర్తి ఖగోళశాఖకి అధిపతి జర్మన్ జెసూయిట్ ఫాదరీ. 1689లో రష్యాతో నెర్చిన్స్క్ దగ్గర సంధి చేసుకున్నప్పుడు అధికారిక ప్రతి లాటిన్‌లో రాశారు, మధ్యవర్తులు ఇద్దరు ఫాదరీలు. టిబెట్టు, మంగోలియా, ఇప్పటి షిన్‌జియాంగ్, తైవాన్ అన్నీ కలుపుకున్నారు. మంచూ, టిబెటన్, మంగోల్, తుర్కీ, చైనా భాషలు ఐదింటికీ కలిపి ఒక నిఘంటువు చేయించారు. ఇది గదిలో గడియ పెట్టుకున్న ముసలమ్మ కథ కాదు. నాలుగు వైపులా పాకుతున్న సామ్రాజ్యం కథ. పాకడంలో చేసిన ఘోరాలూ ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

మరి 1757లో పాశ్చాత్యులందరినీ కాంటన్ ఒక్క రేవుకే పరిమితం చేసిన మాట? నిజం. చియెన్‌లుంగ్ చక్రవర్తి చేశాడు. కాంటన్ ఊరి గోడల బయట నది ఒడ్డున కొన్ని గిడ్డంగులు ఇచ్చారు. ఆడవాళ్లని తీసుకురాకూడదు, ఆయుధాలు తేకూడదు, సీజను అయిపోగానే వెళ్లిపోవాలి. అయితే ఈ ఆంక్ష పాశ్చాత్యులకి. చైనా ఓడలు సయాముకీ, బటావియాకీ, మనీలాకీ వెళుతూనే ఉన్నాయి. మూసింది తలుపు కాదు, ఒక రకం అతిథికి పడకగది. పైగా ఆ ఒక్క రేవు నుంచే ఇంగ్లండు మొత్తం తాగేంత టీ వెళ్లింది.

ఇక్కడ మెకార్ట్‌నీ దొర ప్రవేశం. 1793లో మూడో జార్జి రాయబారిగా నక్షత్రయంత్రాలూ, తుపాకులూ, గుర్రపు బగ్గీలూ పట్టుకుని చియెన్‌లుంగ్ దర్శనానికి వెళ్లాడు. సాష్టాంగం చెయ్యాలా, మోకాలు వంచితే చాలా అని పెద్ద గొడవ. చక్రవర్తి, మీ సామాన్లు మాకక్కర్లేదు అన్న భావంతో జాబు ఇచ్చి పంపేశాడు. ఇంతవరకే మనకి చెబుతారు, చెప్పి నవ్విస్తారు. ఎంత గర్వం, ఎంత అజ్ఞానం అని.

చెప్పనిది ఏమిటంటే, దొరగారు అడిగిన జాబితా. పెకింగ్‌లో శాశ్వతంగా మా మనిషి ఉండాలి. ఇంకా కొన్ని రేవులు తెరవాలి. జౌషాన్ దగ్గర ఒక చిన్న దీవి మాకివ్వండి, సరుకు పెట్టుకుంటాం. కాంటన్ దగ్గర ఇంకో చోటివ్వండి. ఈ దొర అంతకుముందు ఎక్కడ పనిచేశాడో తెలుసా? 1781 నుంచి 1785 దాకా మద్రాసు గవర్నరు. మన ఉత్తర సర్కారుల శిస్తు ఆయన ఖజానాకే చేరేది. ఆ మద్రాసు ఎలా పుట్టింది? 1639లో ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగి వచ్చి, సముద్రపొడ్డున కాస్త చోటివ్వండి, సరుకు పెట్టుకుంటాం అన్నాడు. ఇచ్చినవాడు మనవాడే, దామెర్ల వెంకటాద్రి నాయకుడు. తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం వెలిసింది. ఆ చోటులో కోట లేచింది. 1801కల్లా కర్ణాటక నవాబు రాజ్యమంతా కంపెనీది.

ఇప్పుడు చెప్పండి. చోటిచ్చిన వెంకటాద్రి విశాలహృదయుడా? చోటివ్వని చియెన్‌లుంగ్ మూర్ఖుడా? చియెన్‌లుంగ్ రాజభవన దస్తావేజులు చదివిన చరిత్రకారులు ఇప్పుడు చెబుతున్నది ఏమిటంటే, రాయబారి వెనక్కి తిరగగానే చక్రవర్తి తీరప్రాంతపు అధికారులకి జాగ్రత్తగా ఉండమని, రక్షణ చూసుకోమని ఉత్తర్వులు పంపాడు. జాబులో గర్వం ఒలకబోసిన మనిషే లోపల భయపడ్డాడు, భయపడవలసినంత భయపడ్డాడు. ఆ జాబు ఇంత ప్రసిద్ధి కెక్కింది కూడా 20వ శతాబ్దంలోనే. ఇంగ్లీషువాళ్లకి వాళ్ల యుద్ధాలు సమర్థించుకోవడానికి పనికొచ్చింది, చైనా విప్లవకారులకి మంచూ రాజుల్ని ఎగతాళి చెయ్యడానికి పనికొచ్చింది. నాకు సాఫ్ట్‌వేర్ అమ్మడానికి పనికొచ్చింది.

ఇక నల్లమందు. ఇక్కడ నా గొంతు కాస్త పెరిగితే క్షమించండి.

1784లో ఇంగ్లండులో టీ మీద సుంకం తగ్గించారు. టీ వాడకం పెరిగింది. టీకి చైనా వెండి అడుగుతుంది. కంపెనీ దగ్గర అంత వెండి లేదు. బెంగాలూ బీహారూ చేతిలో ఉన్నాయి, అక్కడ గసగసాలు పండుతాయి. పాట్నా, కాశీ ప్రాంతాల రైతుకి అడ్వాన్సు ఇచ్చి, పంట వేయించి, సర్కారు ఫ్యాక్టరీలో ఉండలు చుట్టించి, పెట్టెల్లో పెట్టి, కలకత్తాలో వేలం వేశారు. కొన్నవాడు ప్రైవేటు వ్యాపారి, తీసుకెళ్లింది ప్రైవేటు ఓడ. చైనాలో నల్లమందు అమ్మకం 1729 నుంచే నేరం. అందుకని కంపెనీ తన ఓడల్లో ఒక్క పెట్టె కూడా ఎక్కించలేదు, చేతికి మట్టి అంటకుండా! మేము దీన్నే సబ్‌కాంట్రాక్టింగు అంటాం. 1800 ప్రాంతంలో ఏడాదికి నాలుగైదు వేల పెట్టెలు. 1830ల చివరికి 40 వేల దరిదాపు. పెట్టెకి సుమారు 63 కిలోలు. బొంబాయి నుంచి మాళవ నల్లమందు కూడా వెళ్లింది, అందులో బాగుపడిన మన దేశపు షాహుకార్లు ఉన్నారు. ఒకరిని అని లాభం లేదు, తిలాపాపం తలా పిడికెడు.

1839లో లిన్ జెషూ అనే అధికారి కాంటన్ వచ్చాడు. ఇరవై వేల పైచిలుకు పెట్టెలు స్వాధీనం చేసుకుని, గోతులు తవ్వించి, ఉప్పూ సున్నమూ కలిపి, నీళ్లలో కరిగించి సముద్రంలోకి వదిలాడు. వదిలే ముందు, నీళ్లు పాడుచేస్తున్నందుకు మన్నించమని సముద్రదేవతకి ప్రార్థన రాశాడు. ఇతన్ని మొండి చైనా వాడికి నమూనాగా చూపిస్తారు. ఈ మొండివాడే విదేశీ పత్రికలు తర్జుమా చేయించుకుని చదివాడు. అంతర్జాతీయ న్యాయం మీద యూరప్ పుస్తకంలో భాగాలు అనువదింపజేశాడు. ఒక ఇంగ్లీషు భూగోళశాస్త్ర గ్రంథాన్ని చైనాభాషలోకి తెప్పించాడు. ఆ సామగ్రి మీదే వెయ్ యువాన్ అనే మిత్రుడు సముద్రదేశాల గురించి పెద్ద గ్రంథం కూర్చాడు. దాన్ని జపాన్ వాళ్లు ఎగబడి చదివారు.

యుద్ధం వచ్చింది. 1840 ఏప్రిల్‌లో లండన్ పార్లమెంటులో ప్రభుత్వం 271కి 262, తొమ్మిదే తొమ్మిది ఓట్లతో గట్టెక్కింది. 1842 నాన్‌జింగ్ సంధిలో హాంకాంగ్, ఐదు రేవులు, 2 కోట్ల 10 లక్షల డాలర్లు. అందులో 60 లక్షలు నీళ్లలో కలిపిన నల్లమందు ఖరీదు! దొంగసరుకు పారబోసినందుకు దొంగకి నష్టపరిహారం. ఇదీ "తలుపు తెరవడం". తెరిచినవాళ్లు తట్టలేదు, బద్దలు కొట్టారు. ఆ పని మీద వెళ్లినవాళ్లలో మనవాళ్లున్నారు.

మద్రాసు సైన్యం గురించి చెబుతున్నాను. అందులో తెలుగు సిపాయిలు పెద్దసంఖ్యలో ఉండేవారు. క్లైవు వాళ్లని బెంగాల్ తీసుకెళితే అక్కడ సిపాయి అన్న మాటకే "తిలంగా" అని పేరు స్థిరపడిపోయింది. ఆ మద్రాసు సైన్యంలోని 37వ పటాలం 1841లో కాంటన్ దగ్గర ఉంది. మే 30న సన్‌యువాన్‌లీ ఊళ్ల దగ్గర కుండపోత వాన. సమాధులు తవ్వారనీ, ఆడవాళ్లని అవమానించారనీ మండిపోయిన రైతులు వేలాదిగా ఈటెలూ పారలూ పట్టుకు వచ్చారు. 37వ పటాలంలోని ఒక కంపెనీ, సుమారు 60 మంది సిపాయిలు, వానలో దారి తప్పి వేరుపడిపోయారు. చెకుముకి తుపాకులు తడిసి పేలలేదు. పొలాల మధ్య నలుచదరంగా నిలబడి బయొనెట్లతో కాచుకున్నారు. కొత్తరకం తుపాకులున్న తెల్ల సైనికులు వచ్చి వాళ్లని బయటికి తెచ్చారు. చైనాలో పిల్లల పాఠాల్లో ఉంది ఈ పోరాటం, రైతులు దురాక్రమణని ఎదిరించిన రోజుగా. మా టీములో ఆవిడ బళ్లో చదువుకుంది. మన పాఠాల్లో లేదు. నాకు నలభై దాటాక తెలిసింది.

వేదిక మీద పెద్దాయన "మన సంస్కృతి అందరినీ రమ్మంది" అన్నారు కదా. వాళ్లు రానే వచ్చారు. వచ్చి, మన శిస్తుతో మన కుర్రాళ్లకి జీతాలిచ్చి, పక్కవాడి తలుపు మన భుజాలతో బద్దలు కొట్టించారు. ఈ చరిత్ర ఉన్నవాళ్లం చైనా వాళ్ల మూసిన తలుపు గురించి మైకులో జోకులెయ్యడం బాగులేదు.

"అయితే చింగ్ రాజులు అమాయకులా? నువ్వు చైనా ప్రభుత్వం పాట పాడుతున్నావే" అనే మిత్రులున్నారు. లేదు బాబూ. తైవాన్‌లోని శత్రువుకి అన్నం అందకుండా చెయ్యడానికి 1660ల్లో దక్షిణ తీరంలో ఊళ్లకి ఊళ్లు తగలబెట్టి జనాన్ని లోపలికి తోలారు. 1750ల్లో జుంగార్ మంగోలుల్ని ఒక జాతిగా లేకుండా తుడిచిపెట్టారు. చియెన్‌లుంగ్ మహా గ్రంథాలయం కూర్పిస్తూనే నచ్చని పుస్తకాలు తగలబెట్టించాడు, రాసినవాళ్లని చంపించాడు. ఇప్పటి బీజింగ్ ప్రభుత్వం తన "అవమానాల శతాబ్దం" కథని మరోరకం స్లయిడుగా వాడుకుంటోంది, అదీ నాకు తెలుసు. సామ్రాజ్యం పడిపోయిన మాటా నిజమే. పడిపోవడానికి కారణం నేను అమ్మిన కారణం కాదు, అంతే నా గొడవ.

మరేమిటి కారణం అంటే, ఒక ఇంజనీరుగా నాకు అర్థమైంది ఇది. లోడు పెరిగింది, సర్వరు పెంచలేదు. 1712లో కాంగ్షీ చక్రవర్తి దయతలచి తలపన్ను కోటా ఎప్పటికీ పెంచనన్నాడు. జనం మెచ్చుకున్నారు. ఆ శతాబ్దంలోనే జనాభా రెట్టింపయింది. జిల్లా అధికారుల సంఖ్య దాదాపు అంతే ఉండిపోయింది, ఒక్కో అధికారి చేతికింద లక్షల జనం. జీతం చాలదు కనక లంచమే జీతం. 1796లో లేచిన శ్వేతపద్మ తిరుగుబాటు అణచడానికి ఎనిమిదేళ్లు, పది కోట్ల టేళ్ల పైన వెండి పట్టింది. ఖజానా ఊడ్చుకుపోయింది. ఇంగ్లీషు వాళ్ల ఇనప పొగఓడ వచ్చేసరికి ఇంట్లో సత్తువ లేదు. ఆపైన 1851 నుంచి 1864 దాకా తైపింగ్ అంతర్యుద్ధం, రెండు కోట్ల పైన ప్రాణాలు. ఇన్ని ఉండగా "తలుపు మూసుకున్నారు కాబట్టి" అని తేల్చెయ్యడం, ఆడలేక మద్దెల ఓడన్నట్టు కూడా కాదు, ఆట చూడకుండానే మద్దెల ఓడనడం.

ఇక మా ఊరు హార్ట్‌ఫర్డ్ సంగతి. ఇది చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు.

ఆ మూసుకున్న చైనా 1872 నుంచి నాలుగు విడతల్లో 120 మంది మగపిల్లల్ని ఇక్కడికి చదువుకోడానికి పంపింది. ప్రభుత్వ ఖర్చుతో, 15 ఏళ్లకి. పంపిన ఆలోచన యుంగ్ వింగ్‌ది. 1854లో యేల్‌లో పట్టా పుచ్చుకున్న మొదటి చైనా వాడు ఆయన. కార్యాలయం హార్ట్‌ఫర్డ్ కాలిన్స్ వీధిలో ఉండేది. పన్నెండేళ్ల పిల్లలు జడలు వేలాడేసుకుని కనెక్టికట్ ఇళ్లలో పెరిగారు, బేస్‌బాల్ ఆడారు, చర్చిలో పాడారు. 1868 ఒప్పందం ప్రకారం వీళ్లకి అమెరికా ప్రభుత్వ విద్యాలయాల్లో చేరే హక్కు ఉంది. తీరా కుర్రాళ్లు ఎదిగి వెస్ట్‌పాయింటు, అన్నాపొలిస్ సైనిక కళాశాలల్లో చేర్చుకోమంటే అమెరికా కుదరదంది. అటు చైనాలో ఛాందసులు, పిల్లలు అమెరికన్లు అయిపోతున్నారు, జడలు కత్తిరించుకుంటున్నారు అని పితూరీలు. ఇదే ఊళ్లో ఉండే మార్క్ ట్వేన్, మాజీ అధ్యక్షుడు గ్రాంటు దగ్గరికి వెళ్లి చెప్పించినా లాభం లేకపోయింది. 1881లో అందరినీ వెనక్కి పిలిచేశారు. అందులో ఒకడు, జాన్ తియెన్‌యౌ, తర్వాత 1905-09లో పెకింగ్ నుంచి ఝాంగ్‌జియాకౌ దాకా విదేశీ ఇంజనీరు సాయం లేకుండా రైలుమార్గం వేశాడు.

పిల్లలు వెళ్లిన మరుసటి ఏడాది, 1882లో, అమెరికా చైనా కూలీలకి తలుపు మూసింది. 1943 దాకా తియ్యలేదు. తీసినప్పుడైనా ఏడాదికి 105 మంది. మన వంతు 1917లో వచ్చింది, ఆసియాలో చాలా భాగానికి గీత గీసినప్పుడు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో మనవాళ్లకి పౌరసత్వం చెల్లదన్నారు. 1946లో ఏడాదికి వందమందిని రమ్మన్నారు. నేను లాటరీలో హెచ్-1బి దొరికి వచ్చినవాణ్ణి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి మన వాట్సాప్ గ్రూపులు ఎలా ఊగిపోయాయో మీకు తెలుసు. ఈ దేశం ఇన్నిసార్లు తలుపు మూసింది, ఎవరి స్లయిడులోనూ ఇది మునిగిపోయిన ఓడగా కనబడదేం? తలుపు మూసుకోవడమే పతనానికి కారణమైతే 1882 తర్వాత అమెరికా కుప్పకూలాలి. జరిగింది దానికి తలకిందులు.

యుంగ్ వింగ్‌కి 1852లోనే అమెరికా పౌరసత్వం ఇచ్చారు. 1898లో అది చెల్లదన్నారు. ఆ మనిషి ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, ఇక్కడే పిల్లల్ని పెంచాడు, చింగ్ వంశం గద్దె దిగిన 1912లోనే ఇక్కడే పోయాడు. సమాధి సెడార్ హిల్ శ్మశానంలో ఉంది. హైస్కూల్లో చరిత్ర ప్రాజెక్టు ఇస్తే మా అమ్మాయిని తీసుకెళ్లి చూపించాను. అది కాసేపు నిలబడి చూసి, "నాన్నా, ఆ పిల్లల్ని పంపించేసింది ఇక్కడివాళ్లా, అక్కడివాళ్లా?" అంది. ఇద్దరూనని చెప్పాను. ప్రాజెక్టు ఫారంలో ఒక్క కారణానికే జాగా ఉందంది. అంచులో రాయమన్నాను.

కాలిన్స్ వీధిలో ఆ కార్యాలయం ఇప్పుడు లేదు. నేను పదేళ్లకి పైగా ఆ దగ్గర్లోనే, ఆ స్లయిడు బ్యాగులో పెట్టుకుని, ఆఫీసుకి తిరిగాను.

ఈ మధ్య నాతో పూర్వం పనిచేసిన ఒకాయన మెయిలు పెట్టాడు. ఎవరో క్లయింటుకి ఏఐ కొనిపించాలట, నా ఓడల స్లయిడు కావాలట. చెరిపేశానని రాశాను. "ఫరవాలేదు, నా దగ్గర కాపీ ఉండాలి, వెతుకుతాను" అని జవాబిచ్చాడు.